చదవకుండా పెట్టిన సంతకం

పాత కంపెనీలో నా ప్రాజెక్టు మేనేజరు, సారు, ఆయన సంతకం వచ్చేసింది. లింకు పంపి పొయ్యి మీద టీ పెట్టాను, అది పొంగేలోపే వచ్చేసింది. ఎగిరి గంతెయ్యాల్సింది పోయి పొద్దున్నుంచీ ముఖం మాడ్చుకుని తిరుగుతున్నాను. అంత తొందరగా వచ్చిందంటే ఆయన అసలు చదవలేదన్నమాట.

అదే, పీఎంపీ గోల, ప్రాజెక్టు మేనేజర్ల సర్టిఫికెట్ పరీక్ష. అప్లికేషన్ సబ్మిట్ కొట్టాక ఇక ఫీజు కట్టడమే అనుకుంటుంటే, మీ దరఖాస్తును ఆడిట్‌కి తీసుకున్నాం అని మెయిల్. అనుమానం వచ్చి కాదు, కొన్నింటిని ఊరికే అలా ఏరి చూస్తారట. ఇన్నేళ్ళలో చిట్టీ పాట ఒక్కసారి నాకు తగిలింది లేదు గానీ, ఇది మాత్రం తగిలింది. డిగ్రీ కాపీ, 35 గంటల ట్రైనింగ్ తాలూకు సర్టిఫికెట్, చూపించిన ప్రతి ప్రాజెక్టుకీ అప్పటి పై అధికారి సంతకం. 90 రోజులు గడువు. ఇందులో తప్పితే ఏడాది దాకా మళ్ళీ అప్లై చెయ్యడానికి వీల్లేదు. టెన్షన్ పడకు, నిజమే రాశావు కదా అంటారు మా ఆయన. నిజం రాసినవాళ్ళకే టెన్షన్ ఎక్కువని ఆయనకెలా తెలుస్తుంది, ఆయన ఇంతవరకూ ఏ పరీక్షకీ అప్లై చెయ్యలేదు.

మా ఆఫీసులో ఒక సీనియర్ చెప్పారు. వాళ్ళ రోజుల్లో ఒక్కో ఫారం మీద సంతకం చేయించి, దాన్ని కవర్లో పెట్టి, అంటించి, అంటించినచోట అడ్డంగా ఇంకో సంతకం చేయించి, అన్ని కవర్లూ కలిపి పెద్ద కవర్లో పెట్టి అమెరికాకి కొరియర్ చేసేవారట. విన్నప్పుడు అమ్మో అనుకున్నాను. ఇప్పుడనిపిస్తోంది, ఆ పద్ధతే నయం. కనీసం పెన్ను వెతుక్కునేటప్పుడైనా సారు ఒక పేరా చదివేవారు.

ఎన్ని రాత్రులు కూర్చుని రాశానో మీకు తెలుసు, అప్పట్లో ఇక్కడ ఏమీ రాయకపోవడానికి కారణం అదే. ఒక్కో ప్రాజెక్టు గురించీ 200 నుంచి 500 పదాలు. లక్ష్యం ఏమిటి, నీ పాత్ర ఏమిటి, ఫలితం ఏమిటి. డిగ్రీ ఉన్నవాళ్ళు 36 నెలలు ప్రాజెక్టులు నడిపినట్టు చూపించాలి. ఒకే నెలలో రెండు ప్రాజెక్టులు చేస్తే అది ఒక నెలే, రెండు కాదు. సైటులో రెండు పనులు మీదేసుకుని చచ్చినవాళ్ళకి ఈ లెక్క ఎంత మండుతుందో. ఆ నెలలు పేర్చుకుంటూ, చెరుపుకుంటూ, మళ్ళీ పేర్చుకుంటూ రాశాను. అదంతా అయ్యాక సారుకి ఫోన్ చేసి థాంక్స్ చెప్తే ఆయనన్న మాట, "నువ్వు రాశావుగా అమ్మా, ఇంక నేను చదివేదేముంది, నొక్కేశాను."

వేరే ఎవరైనా ఈ మాట అంటే నవ్వి ఊరుకునేదాన్ని. ఈయనన్నారే అని.

నల్గొండ వైపు పని చేస్తున్నప్పటి సంగతి. ఫ్లోరైడ్ ఊళ్ళకి కృష్ణా నీళ్ళిచ్చే పని. తాగే నీటిలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నదానికి, అక్కడి కొన్ని బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. మేం కంపెనీ వైపు మనుషులం, ట్యాంకులూ ఊళ్ళో పైపులైన్లూ మావి. సారు ప్రాజెక్టు మేనేజరు, నేను ప్లానింగు, ఇంకా చెప్పాలంటే సైటులో ఎవరూ చెయ్యని పనులన్నీ. ట్యాంకు కట్టాక నిండా నీళ్ళు పోసి, ఒక వారం కాంక్రీటు పీల్చుకున్నంత పీల్చుకోనిచ్చి, ఆ తర్వాతి వారం బయట గోడకి ఎక్కడైనా చెమ్మ కనిపిస్తుందా అని చూస్తారు. ఆ రెండో వారంలో ఒక రోజు సబ్ కాంట్రాక్టరు తాలూకు సూపర్‌వైజరు రిపోర్టు తెచ్చిచ్చాడు. చెమ్మ లేదు, అంతా ఓకే, కింద సంతకం. నేనది ఫైల్లో పెట్టేశాను. డిపార్ట్‌మెంటు అసిస్టెంట్ ఇంజనీరు, ఏఈ గారు వచ్చి ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో రాసుకుంటే, ఆయన పైన డీఈఈ గారు చెక్ చేస్తే, బిల్లు ముందుకు కదులుతుంది. అందరం దాని కోసమే కాచుకుని ఉన్నాం, జీతాలకి ఇబ్బందిగా ఉన్న రోజులు.

మర్నాడు తెల్లవారకముందే సారు ఫోన్. ట్యాంకు దగ్గరకి రా అని. వెళ్ళేసరికి ఆయన సగం నిచ్చెన మీద ఉన్నారు, లుంగీ పైకి కట్టి, మెడలో మఫ్లరు. అడుగు రింగు మీద గోడ మొదలయ్యే చోట, రెండు కాంక్రీటు పోతలకీ మధ్య జాయింటు ఉంటుందే, అక్కడ చేయి వేసి చూస్తున్నారు. నన్నూ ఎక్కమన్నారు. ఎక్కాను. నా కళ్ళకి ఏమీ కనబడలేదు. పక్కనున్న కాంక్రీటు కంటే ఆ ముక్క కాస్త నున్నగా, కాస్త తెల్లగా ఉంది అంతే. సారు జేబులోంచి బండి తాళంచెవి తీసి గీకారు. పొర ఊడింది. కింద ముదురు రంగు, తడి. రాత్రికి రాత్రి ఎవడో సిమెంటు పాలు రాసి చెమ్మని కప్పేశాడు. ఆయన వేలితో ఒత్తితే గోరు చివర నీళ్ళు నిలబడ్డాయి.

"కానీ రిపోర్టు మీద వాళ్ళ సంతకం ఉంది సార్" అన్నాను నేను.

"సంతకం నీళ్ళనాపుతుందా అమ్మా" అన్నారు.

అంతే. తిట్టలేదు కూడా. నీళ్ళు జాయింటు కిందకి దించి, ఆరబెట్టి, బెజ్జాలు వేసి, నిపుల్సు అనే సన్న గొట్టాలు పెట్టి, గ్రౌటు, అంటే పల్చటి సిమెంటు ఎక్కించి, మళ్ళీ నింపి, మళ్ళీ మొదటి వారం నుంచి లెక్క. బిల్లు ఎంత వెనక్కి పోయిందో చెప్పను. డిపార్ట్‌మెంటు పై అధికారి ఈఈ ఆఫీసు నుంచి ఫోన్లు, మా హెడ్డాఫీసు నుంచి ఫోన్లు. మేస్త్రీ నాతో మాట్లాడ్డం మానేశాడు, నేనే చాడీ చెప్పానని వాడి నమ్మకం. ప్రోగ్రాం చార్టు మొత్తం తిరగరాసి సారు బల్ల మీద పెడితే, ఒక్కో గీతా వేలు పెట్టి చదివి, ఇక్కడ పైపు లారీ ఎప్పుడొస్తుందో రాయలేదేం అని అడిగారు. ఆ మనిషి నా నాలుగు పేరాలు చదవలేకపోయారా?

చిన్నది యూనిట్ టెస్టు పుస్తకాలు ముందేసుకుని నిద్రపోతోంది, దాన్ని మంచం మీదకి చేర్చి వచ్చి మళ్ళీ ఆ ఫారం తెరిచాను. ఆయనకి ఏం పంపానో ఆయన కళ్ళతో చదువుదామని.

క్వాలిటీ డీవియేషన్‌ను గుర్తించి, స్టేక్‌హోల్డర్లతో చర్చించి, కరెక్టివ్ యాక్షన్ అమలు చేసి, షెడ్యూల్ బేస్‌లైన్ సవరించాను. అదీ నేను రాసింది. ట్యాంకు ఇదే. తాళంచెవి, తడి, మేస్త్రీ అలక, ఈఈ గారి ఫోన్లు, అన్నీ ఈ వాక్యంలోనే ఉన్నాయి, అలా రాయకపోతే వాళ్ళు ఒప్పుకోరు కాబట్టి. తాళంచెవితో గీకాం అని రాస్తే పెన్సిల్వేనియాలో కూర్చున్నవాళ్ళకి ఏం అర్థమవుతుంది? కాబట్టి సారు చదివినా ఏమీ కలిసొచ్చేది కాదు. ఇదేం ట్యాంకో, ఏ ఊరో ఆయనకి తట్టేది కాదు. పైగా గుర్తించాను అని రాసుకున్నాను, గుర్తించింది ఆయన. (మేము అని రాయకూడదు, నువ్వేం చేశావో రాయి అని ట్రైనింగులో నూరిపోశారు.) అలా చూస్తే ఆయన చదవకపోవడమే నాకు మంచిదయింది కాబోలు. పొద్దున్నుంచీ ఆయన మీద పెట్టుకున్న కోపం ఇప్పుడు ఎవరి మీద పెట్టుకోవాలో తెలియట్లేదు.

తెలియకపోవడమేముంది, ఉన్నాడుగా రెండో ఆయన.

ఈయన తర్వాతి కంపెనీలో నా పైవాడు, వయసులో నాకంటే చిన్న, అయినా మీరు అనే పిలిచేదాన్ని. ఈయన చదివాడు. అక్షరం వదలకుండా చదివాడు. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే, మెట్రోలో నిలబడ్డానికి చోటు లేనప్పుడు ఫోన్ చేసి, "మేడమ్, లెడ్ అని రాశారు, మీరు చూసింది ప్లానింగే కదా, కోఆర్డినేటెడ్ అంటే సరిపోతుందేమో" అన్నాడు. నడిపించాను అనకుండా సమన్వయం చేశాను అనాలట. చుట్టూ జనం. నేను సరే సరే చూస్తానండీ అని పెట్టేశాను. మియాపూర్‌లో దిగాక, ఆటో స్టాండు దాకా నడుస్తూ, అనాల్సినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వారం వారం రివ్యూ మీటింగు పెట్టింది ఎవరు? డిజైను డ్రాయింగులు రాక పని ఆగిపోతే కన్సల్టెంటు ఆఫీసుకెళ్ళి వాళ్ళ వరండాలో కూర్చుంది ఎవరు? మీరు మీ గృహప్రవేశానికి సెలవు పెట్టిన రోజుల్లో పోత ఆగకుండా చూసింది ఎవరు? కోఆర్డినేటెడట.

ఇంకా తమాషా ఏమిటంటే, ఇప్పుడు మారుద్దామన్నా కుదరదు. పంపిన అప్లికేషను పంపినట్టే ఉంటుంది. అందులో రాసినదానికి ఆయన ఔనని సంతకం పెట్టాలి, లేదా మానెయ్యాలి. ఆ ముక్క మెసేజ్ పెడితే, "ఆలోచించి చెప్తాను మేడమ్" అని జవాబు. ఆలోచించడానికేముంది అందులో!

మా ఆయన అంతా విని, "పొద్దున చదవలేదని ఏడిచావు, సాయంత్రం చదివాడని ఏడుస్తున్నావు" అన్నారు. నిజమే, కానీ అది ఆయన అనాల్సిన మాట కాదు. చదవడానికీ, తూకం వెయ్యడానికీ తేడా లేదా? సారు చదివి ఉంటే లారీ ఎప్పుడొస్తుందో రాయలేదేం అని అడిగేవారు. ఈయన, నువ్వెంత అని అడుగుతున్నాడు. ఇలా రాశాక మళ్ళీ ఇంకో అనుమానం. మగవాడెవడైనా లెడ్ అని రాసుకుంటే ఈయనకి ఈ సందేహం వచ్చేదా? వచ్చేదేమో. రాకపోయేదేమో. మనిషి చెడ్డవాడు కాదు, డ్రాయింగులో అర అంగుళం తేడా వచ్చినా ఇలాగే పట్టుకునేవాడు. సారు ట్యాంకు గీకినప్పుడు భలే అనుకున్నాను, ఈయన నన్ను గీకేసరికి ఒళ్ళు మండింది. దీని గురించి రేపు ఆలోచిస్తాను, ఇప్పుడు కాదు.

డిగ్రీ సంగతి తేలికగానే తేలింది. తణుకులో అమ్మ బీరువా పై అరలో ఉంది, అన్నయ్య స్కాన్ చేసి పంపాడు, వదిన పక్కనుంచి పది మాటలు అన్నట్టుంది, నా కాగితాలన్నీ ఇంకా వాళ్ళింట్లో ఎందుకని. అన్నా ఫరవాలేదు. ప్రొవిజనల్ సర్టిఫికెట్‌తోనే ఉద్యోగాలు వస్తుంటే ఓడీ, అదే ఒరిజినల్ డిగ్రీ, ఎందుకు నాన్నా అని ఆ రోజుల్లో నసిగితే, కాకినాడ పంపించి మరీ తెప్పించారు నాన్న. చిక్కల్లా పేరు దగ్గర. ఓడీ మీద ఎస్సెస్సీలో ఉన్నట్టే పుట్టింటి ఇంటిపేరు ముందు, పూర్తిగా, నా పేరు వెనక. ఆధార్‌లోనేమో అత్తింటి ఇంటిపేరు, అదీ చివర. పెళ్ళయ్యాక మార్చుకోనని మొండికేసి, హోం లోను దగ్గర లొంగిపోయానని గుర్తుందిగా. పరీక్ష రోజు చూపించే గుర్తింపు కార్డు మీద పేరు, అప్లికేషన్‌లో పేరు ఒకటిగా ఉండాలి కాబట్టి ఆధార్ ప్రకారమే నింపాను. ఇప్పుడు ఆ డిగ్రీ నాదేనని నిరూపించాలి. మ్యారేజ్ సర్టిఫికెట్ కూడా జత చేస్తున్నాను. ఇంకేమైనా అడిగితే అత్తయ్య గారి చేత ఉత్తరం రాయిస్తానని మా ఆయన ఒకటే నవ్వు.

35 గంటల సర్టిఫికెట్ సిద్ధంగా ఉంది. అన్నీ పంపాక ఐదు నుంచి ఏడు పనిదినాల్లో తేలుస్తారట. ఆ తర్వాత పరీక్షకి ఏడాది టైము, 180 ప్రశ్నలు. పుస్తకం ఇంకా సగం కూడా చదవలేదు, ఆ దిగులు వేరే.

పదకొండు దాటింది. పడుకోబోతూ పాత ల్యాప్‌టాప్ తీసి, ఆ కంపెనీలో ఉన్నప్పుడు నాకు నేను పంపుకున్న మెయిళ్ళలో వారం వారం రివ్యూ మినిట్స్ వెతికాను. పిలిచినవారు అన్నచోట నా పేరు, హాజరు కానివారు అన్నచోట రెండో ఆయన పేరు ఉన్నవి విడిగా తీసి పెట్టుకున్నాను. రేపు ఆయన అడిగితే పంపుతాను. అడక్కపోతే అనవసరంగా పంపకూడదనుకున్నాను. కానీ ఎందుకు పంపకూడదు? అడక్కపోయినా పంపుతాను.