జతపరచండి పట్టికను చింపేశాక

గేట్ బయోటెక్నాలజీకి సిద్ధమవుతున్న మిత్రులకు, పారిశ్రామిక కిణ్వనం (సూక్ష్మజీవులను పెంచి పదార్థాలను తయారు చేయించడం) చదివేటప్పుడు నేను చేసిన ఒక పొరపాటును వివరిస్తాను. గుంటూరులో మా హాస్టల్ గది గోడకు పట్టిక అంటించుకొని, ఏ విటమిన్‌కు ఏ సూక్ష్మజీవో రెండు పూటలా వల్లె వేసేదాన్ని. నమూనా పరీక్షలో రైబోఫ్లావిన్‌ను (విటమిన్ బి2ను) ఉత్పత్తి చేసే బాక్టీరియా ఏదని అడిగితే, తడుముకోకుండా ఆష్బ్యా గాసిపీ అని గుర్తించాను. అది శిలీంధ్రం, బాసిల్లస్ సబ్టిలిస్ అనవలసింది. రెండు మార్కులు పోవడమే గాక మూడింట రెండు వంతుల మార్కు కోత కూడా పడింది.

పట్టికను చింపేసి, ఒక్క విటమిన్ బి12తోనే మూడు రోజులు కూర్చున్నాను. దీనిని మొక్కలు, జంతువులు తయారు చేసుకోలేవు. బాక్టీరియా, ఆర్కియాలకే (బాక్టీరియాలాంటి మరో రకం ఏకకణ జీవులకే) ఆ విద్య తెలుసు. ఉడ్‌వర్డ్, ఎషెన్‌మోజర్ బృందాలు 1970ల తొలినాళ్లలో దీనిని ప్రయోగశాలలో సంశ్లేషించినా, సుమారు 70 దశలు పట్టే ఆ మార్గం పరిశ్రమకు గిట్టుబాటు కాదు. అణువు నడుమ కోబాల్ట్ ఉన్నందున సూక్ష్మజీవిని పెంచే మాధ్యమంలో కోబాల్ట్ లవణం కలపాలి. బి12ను తయారు చేసే ప్రొపియోనిబాక్టీరియంను మొదట గాలి తగలకుండా పెంచి, తరువాత గాలి పంపుతారన్న వాక్యాన్ని నేను ఎన్నోసార్లు చదివి మరిచిపోయాను. కోబాల్ట్ చుట్టూ ఉండే కోరిన్ వలయాన్ని అది ఆక్సిజన్ లేకుండానే కడుతుందనీ, వలయానికి కింద అతికే డైమిథైల్‌బెంజిమిడజోల్ అనే భాగం తయారీకి మాత్రం ఆక్సిజన్ కావాలనీ తెలిశాక మళ్లీ మరవలేదు. బి12ను ఇచ్చే మరో బాక్టీరియా సూడోమోనాస్ డీనైట్రిఫికన్స్ మాత్రం వలయాన్ని కట్టడానికే ఆక్సిజన్‌ను వాడుకుంటుంది, కోబాల్ట్‌ను ఆలస్యంగా చేర్చుకుంటుంది. చివర సయనైడ్‌తో చర్య జరిపితే బి12 నిలకడగల రూపమైన సయనోకోబాలమిన్ వస్తుంది.

ఇదంతా నిజంగా అర్థమైందో లేదో తేల్చుకున్నది విజయవాడ వెళ్లే ప్యాసింజర్ రైల్లో. కాగితం చూడకుండా స్నేహితురాలికి చెప్పడం మొదలుపెడితే, మంగళగిరి రాకముందే రెండుచోట్ల ఆగిపోయాను. ఆగిన చోటే ఆ రాత్రి మళ్లీ చదివాను.

ఫోలిక్ ఆమ్ల సంశ్లేషణకు దారి చూపిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి మీద అభిమానంతో కాబోలు, ఆ విటమిన్‌ను కూడా కిణ్వన జాబితాలో చేర్చేవారున్నారు. మార్కెట్లో దొరికేది ప్రధానంగా రసాయన సంశ్లేషణతో చేసినదే. విటమిన్ సి దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. దాని తయారీకి వాడే రైక్‌స్టైన్ పద్ధతిలో సార్బిటాల్‌ను సార్బోజ్‌గా మార్చే ఒక్క దశనే గ్లూకోనోబాక్టర్ అనే బాక్టీరియా చేస్తుంది. రెండు దశల కిణ్వనం అనే మరో పద్ధతిలో సార్బోజ్ నుంచి కీటోగులోనిక్ ఆమ్లం దాకా కూడా బాక్టీరియానే తీసుకువెళ్తుంది గానీ, దానిని ఆస్కార్బిక్ ఆమ్లంగా (విటమిన్ సిగా) మార్చే పని అక్కడ కూడా రసాయన చర్యదే.