పెర్త్ నుంచి బ్రూమ్ దాకా వ్యాన్‌లో: ప్లాన్ చేసుకోవడంలో నా అనుభవం

అమ్మానాన్నలు జూలైలో పెర్త్ వస్తున్నారని ఖాయమయ్యాక, అందరం క్యాంపర్‌వ్యాన్‌లో (పడకలు, వంటిల్లు ఉండే అద్దె వ్యాన్) ఉత్తరాన సముద్రం ఒడ్డునున్న బ్రూమ్ దాకా వెళ్దామనుకున్నాం. రెండూ ఒకే రాష్ట్రంలోవే. వెస్టర్న్ ఆస్ట్రేలియా అంటే దాదాపు 25 లక్షల చదరపు కిలోమీటర్లు, మన దేశంలో ముప్పాతిక వంతు. జనాభా చూస్తే 30 లక్షలు, అందులోనూ ఎక్కువమంది పెర్త్‌లోనే ఉంటారు. ఆ మిగతా ఖాళీలోనే మన ప్రయాణమంతా.

నాన్న ఫోన్లో "మొత్తం ఎంత దూరంరా?" అన్నారు. లోపలి హైవే మీద నేరుగా పోతే 2,200 కిలోమీటర్ల పైన, మేమనుకున్నట్టు జెరాల్డ్‌టన్, కార్నార్వన్, ఎక్స్‌మౌత్, కరిజిని నేషనల్ పార్కు, పోర్ట్ హెడ్‌లాండ్ మీదుగా అయితే మూడు వేలకి దగ్గర. "రోజుకి ఆరు వందలు కొడితే ఐదు రోజులేగా" అని తేల్చేశారు. కానీ ఇక్కడ కిలోమీటర్లతో లెక్క వేస్తే కుదరదు, వెలుగుతో వేయాలి. మా అద్దె ఒప్పందంలో ఊళ్ళ బయట చీకటి పడ్డాక నడపకూడదని, నడిపితే ఇన్సూరెన్స్ వర్తించదని స్పష్టంగా రాసుంది. అది ఉత్తుత్తి షరతు కాదు, పొద్దుగుంకే వేళకి కంగారూలు, కంచెల్లేని చోట ఆవులు రోడ్డెక్కుతాయి. జూలైలో బ్రూమ్‌లో సాయంత్రం ఐదున్నరకే సూర్యాస్తమయం. అంటే నాలుగింటికల్లా బండి ఆగాలి. పైగా 53.5 మీటర్ల దాకా పొడవుండే రోడ్ ట్రైన్లు (ఒకదాని వెనక ఒకటి ట్రెయిలర్లు తగిలించిన లారీలు), వాటిని దాటాలంటే ఎదురుగా రోడ్డు చాలా దూరం ఖాళీగా కనబడాలి, లేకపోతే ఓపిగ్గా వెనకే పోవాలి. ఇవన్నీ చూసుకుని సగటున రోజుకి నాలుగు వందలు అనుకున్నా, మధ్యమధ్య అసలు బండి తీయని రోజులు పెట్టా.

జూలైనే ఎందుకంటే, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఉత్తరాన వానలు, తుపాన్లు, రోడ్లు మునుగుతాయి. కాబట్టి అందరూ చలికాలంలోనే (ఇక్కడ జూలై అంటే చలికాలం) ఎగబడతారు, దానికి స్కూలు సెలవులు తోడు. ఎక్స్‌మౌత్ దగ్గర, పగడపు దిబ్బలున్న నింగలూ తీరాన ఉన్న కేప్ రేంజ్ నేషనల్ పార్కులో క్యాంప్ స్థలాలు చాలా తక్కువ, ఆరు నెలల ముందే బుకింగ్ తెరుస్తారు, మంచివి చూస్తుండగానే అయిపోతాయి. అందుకే రూటు గీసి తేదీలు వేసుకోకుండా, ముందు అక్కడ ఏ తేదీలు దొరికాయో అవి పట్టేసి, దానికి అటూ ఇటూ మిగతాదంతా సర్దాను. నా మాట వింటే మీరూ అలాగే చేయండి.

అమ్మ అడిగింది ఒక్కటే: "బాత్రూమ్ సంగతేంట్రా?" దాంతో వ్యాన్ ఎంపిక అయిపోయింది, టాయ్‌లెట్ ఉన్నదే. దాని కింద సూట్‌కేసులా బయటికి లాగే ట్యాంకు ఒకటుంటుంది, నిండాక డంప్ పాయింట్ (అలాంటి ట్యాంకులు ఖాళీ చేసే చోటు) దగ్గర మనమే ఒంపి కడగాలి. దారిలో డంప్ పాయింట్లు ఎక్కడున్నాయో మ్యాప్‌లో గుర్తు పెట్టుకోవడం కూడా ప్లానింగే (ఆ డ్యూటీ ఎవరిదో వేరే చెప్పాలా).

ఒప్పందంలో ఇంకో మెలిక మట్టిరోడ్లు. మాది మామూలు టూ వీల్ డ్రైవ్, తారు దిగకూడదు. కాకపోతే గుర్తింపున్న క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్ళే 12 కిలోమీటర్ల లోపు మట్టిదారికి మినహాయింపు ఇచ్చారు. పోర్ట్ హెడ్‌లాండ్, బ్రూమ్ మధ్యలో ఉన్న ఎయిటీ మైల్ బీచ్‌కి హైవే నుంచి పదికి అటూ ఇటూగా మట్టిరోడ్డే కాబట్టి అది బతికిపోయింది. బ్రూమ్ అవతలున్న పొడవాటి మట్టిదారి గిబ్ రివర్ రోడ్ మాత్రం ఫోర్ వీల్ డ్రైవ్ వాళ్ళకి వదిలేశాం. కరిజినిలో డేల్స్ అనే లోయ వైపు తారు ఉంది, మాకది చాలు.

డీజిలు, నీళ్ళు వేరే లెక్క. పోర్ట్ హెడ్‌లాండ్ నుంచి బ్రూమ్‌కి 600 కిలోమీటర్లలో ఊరన్నదే లేదు, సాండ్‌ఫైర్ లాంటి రోడ్‌హౌస్‌లే (హైవే పక్కన బంకు, తిండి ఉండే చోట్లు) దిక్కు. సగం ట్యాంకు అయితే ఎక్కడున్నా, రేటెంతున్నా నింపాల్సిందే. కేప్ రేంజ్ లోపల తాగునీళ్ళు దొరకవు, ఎక్స్‌మౌత్‌లోనే ట్యాంకు నింపి, తాగడానికి విడిగా క్యాన్లు పెట్టుకోవాలి. ఊరు దాటాక చాలా చోట్ల సిగ్నల్ ఉండదు, మ్యాపులు ముందే ఫోన్‌లో దించుకోండి. రోడ్లు మూసేశారా లేదా అన్నది మెయిన్ రోడ్స్ (ఇక్కడి ప్రభుత్వ రోడ్ల శాఖ) వాళ్ళ ఆన్‌లైన్ మ్యాప్‌లో ఉంటుంది, రోజూ పొద్దున బండి తీసే ముందు చూసుకోవాలి.

తిరుగు ప్రయాణం గురించి ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. వ్యాన్ బ్రూమ్‌లో వదిలేస్తే అదనపు ఫీజు, పైగా అందరికీ విమానం టికెట్లు. వెనక్కి నడిపితే మళ్ళీ అంత దూరం, అన్ని రోజులూ, అంత డీజిలూ. లెక్క కట్టి చూస్తే తేడా అనుకున్నంత లేదు, అందుకని బండి అక్కడే వదిలేద్దామనుకున్నాం. విమానంలో పెర్త్‌కి రెండున్నర గంటలే అని తెలిసి నాన్న, "మరి వెళ్ళేటప్పుడు కూడా..." అని మొదలెట్టారు గానీ అమ్మ అడ్డుపడింది.