మా డబ్బాలోని నూనె

బెంగళూరు మారతహళ్ళిలో కర్రీ పాయింట్ పెట్టిన తొలి రెండేళ్ళు, మిర్చిబజ్జీలు వేయగా మిగిలిన నూనెను డబ్బాలకెత్తి, అడిగిన బండివాళ్ళకు చవకగా అమ్మేవాళ్ళం. అది మళ్ళీ ఎవరి మూకుట్లో కాగుతుందో నేను ఒక్కసారైనా ఆలోచించలేదు.

ఒక సాయంత్రం బడి వదిలాక మా పాప పక్క వీధి బండి దగ్గర పునుగులు తింటూ కనిపించింది. బండి కింద ఉన్నది మా డబ్బానే, మూత మీద నేను పెట్టిన ఎర్ర రంగు గుర్తు చెరగలేదు. మూకుట్లో నూనె నల్లగా, జిగటగా, అంచులదాకా నురగ కట్టి ఉంది.

కాచినకొద్దీ నూనెలో పోలార్ సమ్మేళనాలు, అంటే నూనె చెడేకొద్దీ పుట్టే పదార్థాలు, పెరుగుతాయని, అవి 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ పెట్టిన నియమం 2018 జూలై 1 నుంచే అమలులో ఉందని ఆ రాత్రే చదివాను. వాడిన నూనెను బయోడీజిల్‌కు మళ్ళించే రూకో కార్యక్రమం కూడా ఆ ఏడాదే మొదలైంది. ఇప్పుడు డబ్బాలన్నీ ఆ సేకరణకే ఇస్తున్నాం.

బండి అతనికి ఈ సంగతి చెప్పినప్పుడు, "కొత్త నూనె కొనే స్తోమత నాకెక్కడిదన్నా?" అన్నాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. నేను టోకున తెచ్చుకునే ధరకే అతనికీ నెలనెలా టిన్నులు తెప్పిస్తున్నాను.