బీటా 3, కొన్ని బీటలు

ఆదివారం. రాత్రి పదకొండు దాటింది.

పొద్దున ఆరున్నరకు మా పటాలు గీసే ప్రోగ్రాముకు బీటా 3 (తప్పులు పట్టడానికని ముందుగా కొందరికి ఇచ్చే మూడో రూపం) వదిలాను. దీపావళి నాడు సీసాలో రాకెట్టు నిలబెట్టి, వత్తి అంటించి వెనక్కి పరిగెత్తుతామే, అచ్చం అలాగే. మూడు ప్యాకేజీలూ సర్వర్ మీదికి ఎక్కించి, పరీక్షించే 23 మందికి సందేశం పంపి, ఫోను బోర్లా పెట్టి కాఫీ కలుపుకోవడానికి వంటింట్లోకి పారిపోయాను.

మాది డెస్క్‌టాప్ మీద ఫ్లోచార్టులు, పటాలు గీసుకునే చిన్న అప్లికేషన్. నేనిక్కడ హైదరాబాదులో, నాతో పాటు చదువుకున్న మిత్రుడు విశాఖలో. ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రుళ్లు, ఆదివారాలు దీనికి పోస్తున్నాం. ఇలాంటి పటాలే గీసే విజియో 1992లోనే వచ్చింది, 2000లో మైక్రోసాఫ్ట్ దాన్ని కొనుక్కుంది కూడా. పైసా ఖర్చు లేకుండా దొరికేవీ ఉన్నాయి. మళ్లీ మీదొకటి ఎందుకని మా ఆవిడ రెండేళ్లుగా అడుగుతూనే ఉంది. తెలుగులో పేర్లు రాసిన పటం ఏ ఇబ్బందీ లేకుండా గీయగలగాలి, అదీ మా పంతం అని జవాబు చెప్పేవాణ్ణి. ఈ రోజు మధ్యాహ్నం దాకా కాస్త గర్వంగానే చెప్పేవాణ్ణి.

ఎనిమిదికల్లా నాలుగు ఉత్తరాలు వచ్చాయి. విండోస్‌లో నీలం రంగు హెచ్చరిక చూసి భయపడి ఆగిపోయినవారు ఇద్దరు. ప్రోగ్రాము ఎవరిదో రుజువు చేసే సంతకం సర్టిఫికెట్ కొనడానికి మా దగ్గర డబ్బు లేదు, కాబట్టి ఆ హెచ్చరిక ప్రతి బీటాకూ వస్తుంది, ప్రతి బీటాకూ అదే వివరణ రాస్తాను. 1366×768 తెరలో గుణాల పట్టీ అడుగున ఉన్న 'సరే' బొత్తాం తెర కిందికి జారిపోయిందని బెంగళూరు నుంచి ఒకరు. నల్ల నేపథ్యంలో నల్ల గీతలు గీస్తోందని డాలస్ నుంచి ఇంకొకరు. ఆయన ఏది నొక్కారో, ఏమి జరగాలో, ఏమి జరిగిందో మూడు వాక్యాల్లో చెప్పి, తెర బొమ్మ జతచేశారు. ఇలాంటి ఫిర్యాదు వస్తే నాకు పెళ్లి శుభలేఖ అందినంత సంతోషం. పావుగంటలో సరిచేశాను.

పదిన్నరకు కాకినాడ నుంచి టీచర్ గారి ఫోను.

టీచర్ గారంటే మా ఇద్దరికీ జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పినావిడ. రిటైరయ్యాక పక్క వీధి బడిపిల్లలకు తెలుగులో చార్టులు చేసిపెడుతున్నారు. జిరాక్స్ షాపులో ఏ3 కాగితం మీద ముద్ర వేయించి గోడకు అంటించడం ఆవిడ పద్ధతి. మా జాబితాలో అందరికంటే నెమ్మదైన కంప్యూటర్ ఆవిడది, అందరికంటే ఎక్కువ పని చేసేదీ ఆవిడే. బీటా 1 అప్పుడు ఎలా ఉందండీ అంటే, "బాగుంది నాయనా" అన్నారు. బీటా 2 అప్పుడు, "చాలా బాగుంది" అన్నారు. మా లెక్కల పుస్తకంలో ఆవిడ పేరు ఎదురుగా సున్నా ఫిర్యాదులు. ఆ సున్నా చూసుకుని మురిసిపోయాం.

ఈ రోజు ఫోనులో ఆవిడ అన్నది ఇది: "ఏమీ అనుకోకురా. నిన్నటిదాకా శుభ్రంగా ఉంది. మీరు బాగుచేశాక పాడైంది."

ఫైలు పంపమన్నాను. ఆకు, సూర్యుడు, నీళ్లు, పిండిపదార్థం ఉన్న చార్టు. డబ్బాలన్నీ నిలువుగా ఉబ్బి ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. సూర్యుడి నుంచి ఆకు మీదికి రావలసిన బాణం సూర్యుడి కడుపులోనే ఆగిపోయింది. మధ్య డబ్బా మీద రెండుసార్లు నొక్కి లోపలి అక్షరాలు చూశాను. 'కిరణ', ఎంటర్, 'జన్య', ఎంటర్, 'సంయోగ', ఎంటర్, 'క్రియ', ఎంటర్, మళ్లీ ఒక ఖాళీ ఎంటర్. పక్క డబ్బాలోనూ అంతే. దాని పక్కదీ అంతే. ఫైలు మొత్తం వెతికిస్తే 212 ఎంటర్లు తేలాయి.

కాసేపు ఆ అంకె వంక చూస్తూ కూర్చున్నాను.

ఇక్కడ కొంచెం వివరంగా రాసుకోవాలి, మళ్లీ మరిచిపోతాను. కిరణజన్యసంయోగక్రియ అనే మాటలో మనకు కనబడేవి పది అక్షరాలు. కంప్యూటర్ లోపల అవి పద్దెనిమిది సంకేతాలు. క వేరు, దాని గుడి వేరు, పొల్లు వేరు, కింద వత్తుగా మారే ర వేరు. మాట డబ్బాలో పట్టనప్పుడు బీటా 1 ఆ పద్దెనిమిదింటిలో ఎక్కడ పడితే అక్కడ కోసేసేది. గుడి కాస్తా తర్వాతి వరుసలోకి జారి, హల్లు లేని గుర్తుకు కంప్యూటర్ చూపే చుక్కల సున్నా నెత్తిన కూర్చునేది. అది మాకే కనబడింది. బీటా 2లో యూనికోడ్ (అన్ని లిపులకూ సంకేతాలు ఇచ్చే ప్రమాణం) నియమం ప్రకారం అక్షరాలను విడదీసే లైబ్రరీ, అంటే ఇతరులు రాసిపెట్టిన కోడు, పెట్టాం. చుక్కల సున్నాలు పోయాయి. కానీ ఆ లైబ్రరీ పాత నియమాలతో నడిచేది, దాని దృష్టిలో 'క్రి' ఒక అక్షరం కాదు, 'క్' ఒకటి, 'రి' ఒకటి. కాబట్టి డబ్బా వెడల్పు సరిగ్గా అక్కడికి వస్తే ఒక వరుస చివర 'క్', కింది వరుసలో 'రియ'. హల్లు, పొల్లు, హల్లు కలిసి ఉంటే విడదీయకూడదన్న నియమం 2023 సెప్టెంబరులో యూనికోడ్ 15.1తో వచ్చింది. తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం అనే ఆరు లిపులకు. మా లైబ్రరీని కొత్తదానికి మార్చింది ఈ బీటా 3లోనే. తెలుగు అచ్చులో మాటను ఏ అక్షరం దగ్గరైనా విరవవచ్చు, అక్షరాన్ని మాత్రం విరవకూడదు. కంపోజింగు చేసే ప్రతి మనిషికీ తెలిసిన సంగతి నా ప్రోగ్రాముకు తెలియడానికి మూడు బీటాలు పట్టింది.

రెండో తప్పు ఇంతకంటే సిగ్గుచేటు. వరుస ఎత్తును అక్షరం కొలతకు 1.2 రెట్లు అని ఎప్పుడో మొదటి వారంలో రాసి వదిలేశాం. ఇంగ్లీషుకు అది చాలు. 'ఊర్ధ్వ' అని రాసి చూడండి. ర కింద ధ వత్తు, ఆపైన వ వత్తు. డబ్బా అడుగు గీత ఆ వత్తుల నడుముకు అడ్డంగా పోయేది. బీటా 3లో ఎత్తును ఫాంటునే అడిగి తీసుకుంటున్నాం.

ఆవిడ ఏం చేశారంటే, మాట విరిగే చోట విరగకముందే తనే ఎంటర్ కొట్టారు. వత్తులు తెగకుండా అడుగున ఒక ఖాళీ వరుస వదిలారు. ప్రతి డబ్బాలోనూ. ఇప్పుడు మేము వరుస ఎత్తు పెంచేసరికి ఆ ఖాళీ వరుసలన్నీ కలిసి డబ్బాలను ఉబ్బించాయి. ఇల్లు కురుస్తుంటే చుక్కల కింద గిన్నెలు పెట్టుకుని సర్దుకున్న మనిషి ఇంట్లో, పైకప్పు బాగుచేస్తామని వెళ్లి గిన్నెలన్నీ తన్నేసి వచ్చాం.

మళ్లీ ఫోను చేశాను. "టీచర్ గారూ, ఇన్ని ఎంటర్లు కొట్టారు, ఒక్క మాట చెప్పలేదేమండీ?"

"పిల్లలు రాత్రుళ్లు నిద్ర మానుకుని చేస్తున్నారు. ఎంటర్ కొడితే పోయేదానికి తప్పులెందుకు పట్టడం?"

ఈ మాట అన్నది ఎవరు? తొమ్మిదో తరగతిలో హృదయం పటం గీసి, భాగాల పేర్లన్నీ కుడివైపు ఒకే వరుసలో రాయలేదని నా రికార్డు పుస్తకంలో పేజీ మొత్తానికి ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టిన మనిషి. ఆహారపు గొలుసులో బాణం పాము నుంచి కప్ప వైపు గీశానని, "శక్తి ఎటు పోతోందిరా?" అని నలభై మంది ముందు నిలబెట్టిన మనిషి. కప్ప నుంచి పాముకు, తినబడేదాని నుంచి తినేదానికి. ఇవాళ్టికీ ఏ బాణం గీసినా నాకు ఆ ప్రశ్నే వినబడుతుంది.

మిత్రుడికి చెబితే మొదట నవ్వాడు, తర్వాత కోపం తెచ్చుకున్నాడు. "బీటా అని పెద్ద అక్షరాలతో రాశాం కదా, అసలు పనులు ఇందులో పెట్టుకోవద్దని చెప్పాం కదా" అన్నాడు. చెప్పాం. కానీ ఆవిడ దగ్గర ఇందులో గీసినవి 41 చార్టులు ఉన్నాయి. ఉత్తుత్తి పటాలు గీసే ఓపిక ఎవరికి ఉంటుంది? జీమెయిల్ 2004 నుంచి 2009 దాకా ఐదేళ్లు బీటా అనే బోర్డు తగిలించుకునే ఉంది, జనం ఉద్యోగాల ఉత్తరాలన్నీ అందులోనే నడుపుకున్నారు. పటాలు గీసే డయా 1990ల చివర నుంచి ఉంది, 1.0 అనే అంకె చూడకుండానే లోకమంతా వాడింది. బీటా అన్న మాట మా భయానికి మేము కట్టుకున్న తాయెత్తు. ఆవిడకు దానితో పనిలేదు, సోమవారం బడికి చార్టు కావాలి.

ఆ ఎంటర్లు ప్రోగ్రామే తీసేస్తే పోలేదా అన్నాడు వాడు. కుదరదు. 'జీర్ణ', ఎంటర్, 'వ్యవస్థ' అని ఆవిడ అందం కోసం విరిచినదానికీ, మా తప్పు తప్పించుకోవడానికి విరిచినదానికీ ఫైల్లో తేడా లేదు. రెండూ ఒకే సంకేతం. ఏది ఎందుకు కొట్టారో ఆవిడ వేలికి తప్ప ఎవరికీ తెలియదు. ఇద్దరం గంటన్నర వాదించుకున్నాం, మధ్యలో పప్పు చల్లారింది, మా ఆవిడ రెండుసార్లు వచ్చి చూసి వెళ్లింది. చివరికి కుదిరిన ఒప్పందం ఇది. ప్రతి ఫైల్లోనూ అది ఏ వెర్షన్‌లో భద్రమైందో రాసి ఉంటుంది కాబట్టి, బీటా 2, అంతకు ముందువి అయితే పాత ఎత్తుతోనే తెరవాలి. వాడేవారు తామే మార్చమంటే తప్ప కొత్త కొలత వద్దు. మొత్తం పద్నాలుగు వరుసల కోడు. దాన్ని రాయడానికి ఇరవై నిమిషాలు, ఆవిడ 41 ఫైళ్లూ తెప్పించుకుని ఒక్కొక్కటే తెరిచి చూడటానికి సాయంత్రం దాకా.

ఆ చూడటం మాత్రం బాగుంది. కప్ప జీవిత చరిత్ర, కన్ను నిలువుకోత, మూత్రపిండం. ఒక చార్టులో మూల మీద చిన్న డబ్బాలో 'రమణకు చూపించాలి, వాడు లేనిరోజు చెప్పాను' అని ఉంది.

ఆరు గంటలకు బీటా 3.1 వదిలాను. ఈసారి వంటింట్లోకి పారిపోలేదు. టీచర్ గారికి ఫోను చేసి, చార్టులు సరిగ్గా తెరుచుకున్నాయని ఆవిడ నోట విన్నాక అడిగాను. "ఒక్క సాయం చేయండి. ఇది నా రికార్డు పుస్తకం అనుకోండి. ఎర్ర పెన్ను తీసుకోండి."

"నిజంగా తీసుకోమంటావా?" అన్నారు. గొంతులో పాత తరగతి గది కదిలింది.

తొమ్మిదింబావుకు సందేశం వచ్చింది. అంకెలు వేసి పదిహేడు తప్పులు. మూడోది, ఎంత పెద్ద చార్టయినా ముద్రించేటప్పుడు కుడి అంచు తెగుతోంది. ఆరోది, పూర్ణానుస్వారం మరీ చిన్నగా ఉండి వెనక బెంచీ పిల్లలకు కనబడటం లేదు. పదకొండోది, బాణం కొస డబ్బాకు తగలకుండా వెంట్రుకవాసి దూరంలో ఆగుతోంది, 'ఇది మొదటినుంచీ ఉంది'. పెద్దది చేసి చూశాను. నిజమే, రెండు పిక్సెళ్లు. రెండేళ్లుగా రోజూ చూస్తున్న బాణం.

పదిహేడో దాని కింద ఒక గీత, గీత కింద 10కి 6.

మిత్రుడికి పంపాను. నాలుగు మార్కులు ఎక్కడ పోయాయో అడగమన్నాడు. అడిగాను. ఇంకా జవాబు రాలేదు, పడుకుని ఉంటారు. నేను బాణం కొస దగ్గర ఉన్నాను.