మా నల్లోడి ఆవలింత

పోయిన సంక్రాంతికి అక్కావాళ్ళు వచ్చినప్పుడు తీసిన ఫొటో ఒకటి ఉంది. నాలుగేళ్ళ మా మేనల్లుడు మా కుక్క నల్లోడి మెడ చుట్టూ రెండు చేతులూ వేసి గట్టిగా వాటేసుకుని ఉంటాడు. ఫ్యామిలీ గ్రూప్‌లో పెడితే అందరూ హార్ట్‌లే హార్ట్‌లు, పెద్దత్తయితే ఇద్దరికీ దిష్టి తీయమని వాయిస్ మెసేజ్ కూడా పెట్టింది. ఆ ఫొటో తీసిన రెండు నిమిషాలకి నల్లోడు వాడి చెంప పక్కన గాల్లో టక్కుమని నోరేశాడు. పళ్ళు తగల్లేదు, కానీ ఆ చప్పుడుకి నా గుండె జారిపోయింది. "ఉన్నట్టుండి ఏమైందిరా దీనికి" అని అక్క పిల్లాణ్ణి ఎత్తుకుని లోపలికి పోయింది.

ఉన్నట్టుండి ఏమీ కాదు. రాత్రి ఆ ఫొటో పెద్దది చేసి చూస్తే అంతా అందులోనే ఉంది. చెవులు వెనక్కి అతుక్కుపోయి ఉన్నాయి, నోరు బిగించి మూసుకుంది, మొహం పిల్లాడికి అవతలివైపు తిప్పుకుని కళ్ళు మాత్రం ఇటు తిప్పేసరికి కంటి తెల్లగుడ్డు అర్ధచంద్రంలా బయటపడింది. అంతకుముందు ఆవలించాడు కూడా. "పాపం నిద్రొస్తోంది" అంది అమ్మ. పొద్దున పదింటికి, నాలుగైదు గంటలు ఒళ్ళు తెలీకుండా పడుకుని లేచిన కుక్కకి నిద్రేంటి! మూతి నాక్కున్నాడు, దగ్గర్లో తిండేమీ లేదు. ఇలాంటి వాటికి నార్వేలో టూరిడ్ రూగాస్ అనే ట్రైనర్ కామింగ్ సిగ్నల్స్, అంటే శాంతపరిచే సైగలు, అని పేరు పెట్టిందని తర్వాత చదివాను. మన మాటల్లో చెప్పాలంటే "బాబూ, గొడవొద్దు, కాస్త వదులు" అని బతిమాలుకోవడం.

మనం చూసేదేమో తోక ఒక్కటే. ఊపితే సంతోషం, అయిపోయింది. నడుముతో సహా ఒళ్ళంతా ఊగిపోతూ వదులుగా ఊపితే సంతోషమే, కాదనను, కానీ తోక పైకి నిలబెట్టి కర్రలా బిగించి గబగబా చిన్నగా ఆడిస్తుంటే మాత్రం దగ్గరికి పోవద్దు. 2007లో ఇటలీలోని బారి యూనివర్సిటీ వాళ్ళు 30 కుక్కల మీద చూస్తే, యజమాని కనిపించినప్పుడు తోక కుడివైపుకి ఎక్కువ ఊగిందట, కొత్త కుక్క ఎదురుగా బెదిరించేలా నిలబడితే ఎడమవైపుకి. నేనూ వారం రోజులు వెనకాల తిరిగి చూశాను. మావాడిది నాటు తోక, ఎప్పుడూ వీపు మీదకి చుట్ట తిరిగే ఉంటుంది, కుడేదో ఎడమేదో ఎవడికి తెలుస్తుంది? నాకు పనికొచ్చింది ఒకటే, ఆ చుట్ట విడిపోయి తోక కిందికి దిగిందంటే వాడికి భయం పట్టుకున్నట్టే. లాబ్రడార్‌కి తోక కిందికుండటం మామూలు కావచ్చు, అందుకే ముందు మీ కుక్క మామూలుగా ఎలా ఉంటుందో చూసుకోవాలి.

అసలు తప్పు నాది ఇంకోటి ఉంది. నల్లోడు చిన్నప్పుడు అన్నం గిన్నె దగ్గర గుర్రుమంటే పేపర్ చుట్టి ఒకటి తగిలించేవాణ్ణి. కొన్నాళ్ళకి మానేశాడు, అబ్బ ఎంత బాగా పెంచానో అనుకున్నాను. మానింది గుర్రుమనడమే, చిరాకు కాదు, అంటే నేను చేసింది లారీకి హారన్ పీకేయడం. మొరిగే కుక్క కరవదని అమ్మ ఇప్పటికీ అంటుంది, ఆ భరోసా నాకు లేదు, మొరిగి కరిచేవీ ఉంటాయి. కానీ అప్పటిదాకా నోరు తెరుచుకుని రొప్పుతున్న కుక్క ఠక్కున నోరు మూసి కదలకుండా బిగుసుకుపోయిందంటే, దానికంటే పెద్ద వార్నింగ్ ఇంకోటి ఉండదు.

చెప్పు కొరికి తల దించుకుని దొంగచూపులు చూస్తాడు కదా, "చూడు, తప్పు చేశానని వాడికే తెలుసు" అని నేనూ ఒట్టేసి చెప్పేవాణ్ణి. 2009లో కుక్కల మీద పరిశోధన చేసే అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 14 కుక్కలతో పరీక్ష పెడితే, ఆ మొహం తప్పు చేసినందుకు కాదు, యజమాని తిట్టినందుకు వస్తుందని తేలింది. ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్న కుక్కలే ఇంకా ఎక్కువగా ఆ మొహం పెట్టాయట. ఇది చదివిన రోజు నల్లోడి మొహం చూడలేకపోయాను.

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే స్టీల్ టేబుల్ మీద వాడి పాదాల తడి ముద్రలు పడతాయి, కుక్కలకి భయమేస్తే అరికాళ్ళకి చెమట పడుతుంది. కిందికి దింపగానే స్నానం చేసినట్టు ఒళ్ళంతా ఒకసారి దులుపుకుంటాడు, టెన్షన్ దిగిందన్నమాట. అప్పటిదాకా నేను కూడా ముట్టుకోను.

ఇప్పుడు ఇంటికొచ్చిన పిల్లలకి ఒకటే చెప్తున్నాను. వాణ్ణి మీ దగ్గరికి రానివ్వండి, మెడ కింద మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసేయండి, వాడే తల తెచ్చి చేతి కింద దూరిస్తే మళ్ళీ నిమరండి, పక్కకి తిరిగితే వదిలేయండి. మేనల్లుడు రెండో రోజుకే నేర్చుకున్నాడు. అమ్మ ఫోన్‌లో వాల్‌పేపర్ మాత్రం ఇంకా ఆ ఫొటోనే, మార్చమంటే "మనవడు ఎంత బాగా పడ్డాడో చూడు, నీకంతా రంధ్రాన్వేషణే" అంటుంది.