అలంపురంలో ముంపు ఊళ్ల ముచ్చట

మహబూబ్‌నగర్ నుంచి జాతీయ రహదారి మీద దక్షిణంగా వెళ్తూ బీచుపల్లి దగ్గర కృష్ణానదిని దాటితే, కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ ప్రాంతం మొదలవుతుంది. శ్రీశైలం జలాశయంలో మునిగిన ఊళ్ల గురించి అలంపురంలో ఒక ప్రసంగం జరుగుతుందని తెలిసి నేను ఆ దారి పట్టాను.

సభకు ముందు సంగమేశ్వరాలయాన్ని చూశాను. బాదామి చాళుక్యుల కాలపు ఈ గుడి కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలో ఉండేది. ముంపు తప్పదని తేలాక దాన్ని రాయి రాయిగా విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. గుడి నిలిచిన ఎత్తైన రాతి పీఠం (అధిష్ఠానం) చుట్టూ తిరుగుతున్నప్పుడు ఆ పనిలో చెమటోడ్చిన వారి మీద గౌరవం కలిగింది.

ప్రసంగించినది ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు. 1963లో ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగినప్పటి నుంచి 1981 వేసవిలో ఊళ్లను ఖాళీ చేయించేదాకా నడిచిన కథను ఆయన క్లుప్తంగా చెప్పారు. జటప్రోలు, సోమశిల గుళ్లను కూడా ముంపు నుంచి తప్పించి ఒడ్డుకు చేర్చిన సంగతి గుర్తుచేసి, ఊళ్ల వాడలను, బావులను, పుట్టి నడిపిన కుటుంబాలను మాత్రం ఎవరూ అంత శ్రద్ధగా రాసిపెట్టలేదని బాధపడ్డారు. నాకూ ఇదే అసలు మాట అనిపించింది. చాళుక్యుల శిల్పం ఎంత చరిత్రో, ఆ గుడి నీడన జొన్న పండించినవారి బతుకూ అంతే చరిత్ర.

తర్వాత ఒక పెద్దమ్మ లేచి, "గుడిని పైకి తెచ్చిరి సారూ, మా ఊరి బొడ్రాయిని తెచ్చేటోళ్లు లేకపోయిరి" అన్నది. బొడ్రాయి అంటే ఊరి నడుమ పాతి పూజించే రాయి. కొత్త ఊరిలో కొత్త బొడ్రాయిని నిలిపి పండుగ చేసుకున్నారట, కానీ పాత ఊరిలో బొడ్రాయి దగ్గర కలిసే నాలుగు తొవ్వలూ ఆమెకు ఇంకా కళ్ల ముందే ఉన్నాయి. ఉపాధ్యాయుడు వెంటనే ఆమె చేతికి సుద్దముక్క ఇచ్చారు. ఆమె బోర్డు మీద గీతలు గీస్తుంటే వెనుక వరుసలోని పెద్దమనుషులు లేచి వచ్చి, పీర్ల చావిడి మంచినీళ్ల బావికి ఏ పక్కన ఉండేదో చెప్పడంలో చాలాసేపు వాదించుకున్నారు. ప్రసంగం కన్నా ఈ వాదనే నాకు విలువైనదిగా తోచింది, ఎందుకంటే ఆ ఊరి పటం ఆ పూట అక్కడే పుట్టింది.

ఇకమీదట ఒక్కో సభను ఒక్కో ఊరికే కేటాయించాలని, నష్టపరిహారం కాగితాలు, పాత ఫొటోలు ఉన్నవారు వాటిని వెంట తీసుకురావాలని అందరూ కలిసి నిర్ణయించారు. ఆ పెద్దమ్మ గీసిన పటాన్ని ఇద్దరు కాలేజీ పిల్లలు పెద్ద కాగితం మీదికి ఎక్కించి, ఇంటి పేర్లు అడిగి రాసుకోవడం మొదలుపెట్టారు.