రిపోర్ట్‌లో హెర్2 3+ అని వచ్చాక

నా రొమ్ములో గడ్డకి చేసిన బయాప్సీ రిపోర్ట్ చూస్తే నాకు క్యాన్సర్ అన్న మాట తప్ప ఇంకేం కనపడలేదు, కింద ఈఆర్ నెగటివ్, పీఆర్ నెగటివ్ (అంటే హార్మోన్ల మీద పెరిగే రకం కాదు), హెర్2 3+ (అంటే హెర్2 బాగా ఎక్కువ) అని ఉంది. మా డాక్టర్ మేడమ్ మాత్రం ఆ చివరి లైన్ కింద పెన్నుతో గీత గీసి, మీ ట్రీట్‌మెంట్ అంతా దీన్ని బట్టే ఉంటుందమ్మా అన్నారు.

హెర్2 అంటే కణం పైన ఉండే రిసెప్టర్, అంటే కణం లోపలికి సిగ్నల్ పంపే ప్రోటీన్. దాని కుటుంబంలోవే హెర్1, హెర్3 మామూలుగా ముడుచుకుని ఉంటాయి, గ్రోత్ ఫ్యాక్టర్ (కణాన్ని పెరగమని చెప్పే పదార్థం) వచ్చి అతుక్కుంటేనే విచ్చుకుంటాయి, అప్పుడు పక్క రిసెప్టర్‌తో జతకట్టే భాగం బయటికొస్తుంది. హెర్2 అలా కాదు, దాని ఆకారమే ఎప్పుడూ విచ్చుకుని, జతకి చెయ్యి చాపుకుని ఉన్నట్టు ఉంటుంది. మామూలు కణాల మీద ఇవి తక్కువే కాబట్టి ఇబ్బంది లేదు, నా గడ్డలో కణం నిండా ఇవే, ఒకదాంతో ఒకటి, లేదా హెర్3తో జతకట్టేసి పెరుగు, విడిపో, చావకు అని లోపలికి సిగ్నల్ పంపుతూనే ఉన్నాయి. గడ్డ అంత తొందరగా ఎందుకు పెరిగిందో అప్పుడు అర్థమైంది నాకు.

సర్జరీకి ముందే కీమోతో పాటు రెండు మందులు ఎక్కించారు. 1998లో అమెరికాలో అనుమతి వచ్చిన ట్రాస్టుజుమాబ్, 2012లో వచ్చిన పర్టుజుమాబ్. మొదటిది రిసెప్టర్‌ని కణం పొరకి దగ్గరగా పట్టుకుంటుంది, రెండోది సరిగ్గా ఆ జతకట్టే భాగాన్నే మూసేస్తుంది. ఒకే రిసెప్టర్‌కి రెండు మందులెందుకు అన్న నా డౌట్ అక్కడ తీరింది. విరేచనాలు మాత్రం బాగా ఏడిపించాయి, గోళ్లు నల్లబడ్డాయి.

గట్టిగా భయపడింది ఎకో, అంటే గుండె స్కాన్ దగ్గర. ఈఎఫ్ (గుండె ఒక్కో కొట్టుకి ఎంత శాతం రక్తం బయటికి పంపుతుందో చెప్పే లెక్క) 63 ఉండేది 49కి పడిపోయింది. గుండె కండరానికి కూడా హెర్2 సిగ్నల్ కావాలంట, మందు అక్కడా దాన్ని ఆపుతుంది కదా. ట్రాస్టుజుమాబ్ ఆపి గుండె మందులు ఇచ్చారు, ఈఎఫ్ మళ్లీ పెరిగాక మొదలుపెట్టారు. ఈ ఎకోలు మాత్రం దయచేసి ఎవరూ వాయిదా వెయ్యొద్దు, ఆయాసం లేకపోయినా సరే.

సర్జరీలో తీసిన ముక్కలో బతికున్న క్యాన్సర్ కణాలు లేవని వచ్చింది, మందుల కోర్సు పూర్తయింది, ఇప్పుడు చెకప్‌లే. మీ రిపోర్ట్‌లో హెర్2 2+ అని, అంటే అటూ ఇటూ తేలకుండా ఉంటే మాత్రం అక్కడితో వదిలెయ్యకండి, ఫిష్ టెస్ట్ గురించి డాక్టర్‌ని అడగండి, జీన్ కాపీలు నిజంగా పెరిగాయో లేదో అందులో తేలుతుంది.